బల్బుకు బదులు మోటారు

మా అత్తవారింటికి కొత్త మిషను వచ్చినప్పుడల్లా ఏదో ఒక గదిలో దీపం పోయేది. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు, వేళాకోళం అనుకుంటారు. ఫ్రిజ్ వచ్చింది, వరండాలో బల్బు పోయింది. బావికి మోటారు వచ్చింది, హాల్లో ట్యూబ్‌లైటు పోయింది. కూలర్ వచ్చింది, మా పడగ్గది చీకటైపోయింది. మాడిపోయి కాదు. మా మామయ్యగారు స్టూలెక్కి, బల్బును జాగ్రత్తగా తిప్పి ఊడదీసి, పాత పేపర్లో చుట్టి బీరువా మీద దాచేవారు. ఎనభైల్లో నూజివీడు చుట్టుపక్కల కాస్త జరుగుబాటున్న ప్రతి ఇల్లూ వెలుగులు పెంచుకుంటుంటే, మేం మాత్రం వస్తువులు కొనుక్కుని వాటి పక్కన చీకట్లో కూర్చున్నాం.

మామయ్యగారు మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన కట్టుకున్న ఇల్లు మైలవరం రోడ్డు మీద ఉండేది. ఇంటి వెనకే చిన్న మామిడితోట. ఆ తోటంటే ఆయనకు ప్రాణం. చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం తాడుతో కొలిపించి, గోతులు తీయించి నాటించిన తోట అది. ఏ చెట్టయినా కాపు మానేస్తే కొట్టించి, వేళ్ళతో సహా తవ్వించి, అదే గోతిలో మట్టి మార్చి కొత్త అంటు పెట్టేవారు. కొత్త రకం మీద ఎంత మోజు పుట్టినా సరే, ఒక చెట్టు తీయందే ఇంకో మొక్కను లోపలికి రానిచ్చేవారు కాదు. మధ్యలో ఇరికిస్తే పాతదీ కాయదు, కొత్తదీ కాయదని ఆయన సిద్ధాంతం. తోట వరకూ అది అక్షరాలా నిజం. ఆయన రసాలు కాసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరి చెట్లూ కాసేవి కావు. వచ్చిన చిక్కల్లా ఆ తోట లెక్కను తీసుకొచ్చి మెయిన్ బోర్డుకు అంటగట్టడంతోనే వచ్చింది.

దానికి తగ్గట్టు మా వైపు వైరింగ్ బేరం కూడా పాయింట్ల మీదే సాగేది. బల్బుకో పాయింటు, ఫ్యానుకో పాయింటు, ప్లగ్గుకో పాయింటు, పాయింటుకింత అని మాట్లాడుకునేవారు. ఇల్లు కట్టినప్పుడు అలా మాట్లాడుకుని వైరింగ్ చేయించిన రోజు నుంచి మామయ్యగారి దృష్టిలో ఇంట్లో కరెంటంటే ఇన్ని గోతులున్న తోట. ఆ గోతుల్లో బల్బు నాటినా ఒకటే, మోటారు నాటినా ఒకటే. కొత్తది పెట్టాలంటే పాతది పీకాలి. పీకి పెట్టినంతకాలం లోడు ఎప్పటిలాగే ఉన్నట్టు లెక్క.

ఆ ఇంటికి నేను కోడలిగా వెళ్ళాను. గర్ల్స్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పగలంతా ఆడపిల్లలకు వాట్లూ ఆంపియర్లూ చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి, మోటారు పెట్టినందుకు ట్యూబ్‌లైటు ఊడదీసిన హాల్లో తడుముకుంటూ చెప్పులు విడవడం ఎంత ఒళ్ళు మండే పనో అనుభవిస్తేగాని తెలియదు.

నా ఒళ్ళు మంటకేంగాని, అసలు బాధ మా అత్తయ్యది. ఆవిడకు కుడి భుజం పట్టేసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఇడ్లీకీ దోసెలకీ గారెలకీ పచ్చళ్ళకీ అన్నిటికీ ఆవిడ చెయ్యే రుబ్బింది. వేసవిలో తోట కోతకొచ్చినప్పుడు మరీ ఘోరం. కాయలు కోసేవాళ్ళకూ, గంపల్లో గడ్డి పరిచి సర్దేవాళ్ళకూ పొద్దున్నే టిఫిన్ పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. అంత పిండీ ఆవిడ పెరట్లో రుబ్బురోలు ముందు పీట వేసుక్కూర్చుని, పొత్రం తిప్పి తిప్పి రుబ్బేది. నేను రుబ్బుతానని తెల్లవారకుండానే లేచేదాన్ని. నేను లేచి వచ్చేసరికి ఆవిడ సగం రుబ్బేసి ఉండేది. "నువ్వు స్కూలుకెళ్ళాలిగా అమ్మాయ్, నిలబడి పాఠాలు చెప్పాలి, పోయి స్నానం చెయ్యి" అనేది. ఆవిడతో దెబ్బలాడి గెలవడం నా వల్ల కాలేదు.

నొప్పి బాగా ముదిరాక ఆవిడను నూజివీడులో డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ చేత్తో రుబ్బడం వెంటనే మానాలమ్మా. మానకపోతే ఈ భుజం బిగుసుకుపోతుంది, ఇంక పైకి లేవదు" అన్నారు. ఇంటికి రాగానే ఆ మాట పొల్లుపోకుండా మామయ్యగారికి చెప్పాను. విజయవాడలో గ్రైండర్లు దొరుకుతున్నాయి, ఒకటి కొందామని కూడా అప్పుడే అన్నాను.

"తప్పకుండా కొందాం. ముందు చోటు చూడాలిగా" అన్నారు మామయ్యగారు.

వంటింట్లో చోటు గురించి అనుకున్నాను. కాదు. నన్ను వరండాలోకి తీసుకెళ్ళి మెయిన్ బోర్డు చూపించారు. టేకు చెక్క మీద మీటరు, దాని పక్కన మెయిన్ స్విచ్చి, కింద తెల్లటి పింగాణీ ఫ్యూజులు. అప్పటికే మా ఆయన బ్యాంకులో లోను పెట్టి కొన్న ఫ్రిజ్ హాల్లో గుర్రుగుర్రుమంటోంది. దాని పేరు చెప్పి మేం నిలబడిన వరండాలోనే బల్బు ఊడదీసి ఉంది. మామయ్యగారు ఖాళీ హోల్డరు వంక చూపించి, "చూశావుగా, ఫ్రిజ్‌కి ఇది ఇచ్చాం. గ్రైండర్‌కి ఏదివ్వాలో నిదానంగా ఆలోచిద్దాం" అన్నారు.

ఆ నిదానం కొన్నేళ్ళు సాగింది.

నేను నోరు మూసుకుని కూర్చోలేదు. ఒక సాయంత్రం పలకా బలపం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టి ఆయనకు పాఠం చెప్పాను. బల్బు అరవై వాట్లు. గ్రైండర్ మోటారు అలాంటి బల్బులు ఆరేడు కలిస్తే ఎంతో అంత. పైగా మోటారు తిరగడం మొదలెట్టే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. కాబట్టి ఒక బల్బు తీస్తే మోటారుకు చోటు రాదు. ఇంట్లో అన్ని బల్బులూ తీసినా రాదు. కావలసింది మీటరు నుంచి వంటింటి దాకా విడిగా ఒక లావుపాటి వైరు, దానికి విడిగా ఒక ఫ్యూజు, కరెంటాఫీసులో లోడు పెంచమని ఒక దరఖాస్తు. అంతే. మామయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, మంచి విద్యార్థిలా చివరిదాకా విన్నారు. నేను కంగార్లో ఒక గుణకారం తప్పు చేస్తే సరిదిద్దారు కూడా.

"లెక్క చక్కగా వేశావమ్మా. ఇంతకీ ఏ బల్బు తీద్దామంటావ్?" అన్నారు.

పలక తీసుకెళ్ళి గోడకేసి కొడదామనిపించింది. మా ఆయన వైపు చూశాను. ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ, "నువ్వు చెప్పేదీ కరెక్టే, నాన్నగారు చెప్పేదీ కరెక్టే" అన్నారు. కాపురంలో నేను విన్న మాటలన్నిటిలోనూ నన్ను ఎక్కువ కాల్చుకుతిన్న మాట అదే. రెండూ కరెక్టు ఎలా అవుతాయండీ అని అడిగితే, పెద్దాయన్ని ఎదిరించడం ఎందుకు, మెల్లగా చూద్దాం అనేవారు. ఆయన మెల్లగా చూస్తూ ఉండగా అవతల అత్తయ్య మెల్లగా రుబ్బుతూనే ఉంది.

ఆ మరుసటి వేసవిలో బావికి మోటారు వచ్చింది. మామయ్యగారు నడుం నొప్పితో చేద లాగలేకపోతున్నారు కాబట్టి అది అవసరమే, నేను కాదనను. అయితే దానికి కూడా నేను చెప్పిన లావు వైరు వేయించలేదు. హాల్లో ట్యూబ్‌లైటు ఊడదీసి, ఫ్రిజ్ ఉన్న ప్లగ్గుకే ఇంకో సాకెట్టు తగిలించి, అక్కణ్ణించి కిటికీలోంచి పెరట్లోకి తీగ లాగారు. వైరింగ్ మనిషి చేసిన పని అది. పాయింట్లు పెరగలేదు కాబట్టి మామయ్యగారికి సంతోషం. కొత్తగా గోడ తొలిచే పని లేదు కాబట్టి వైరింగ్ మనిషికీ సంతోషం.

మా ఇంట్లో రాత్రి భోజనాలకు ముందు అందరం హాల్లో చాపల మీద కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ట్యూబ్‌లైటు పోయాక బైబిల్లో వాక్యం చదవడానికి వెలుతురు లేదు. మామయ్యగారు కంఠతా వచ్చినంతవరకూ చెప్పి, మరిచిపోయిన చోట మా ఆయన్ని టార్చిలైటు వేయమనేవారు. తర్వాత కళ్ళు మూసుకుని అందరినీ పేరుపేరునా తలచుకుని, జబ్బు పడ్డవాళ్ళ కోసం, పరీక్షలు రాసేవాళ్ళ కోసం, తోటలో పిందె నిలవడం కోసం ప్రార్థించేవారు. ఆ ఏడు కొత్తగా లోవోల్టేజీ నుంచి ఈ కుటుంబాన్ని తప్పించమని కూడా అడగడం మొదలుపెట్టారు. నేను కళ్ళు మూసుకునే పళ్ళు నూరుకునేదాన్ని. ఆ దేవుడే దిగివచ్చినా ఒకే ప్లగ్గు మీద ఫ్రిజ్జూ మోటారూ నడపలేడని గట్టిగా అరవాలనిపించేది.

మోటారు వేసినప్పుడల్లా ఫ్యూజు పోయేది. ఫ్యూజు తీగ పుట్టిందే తెగిపోవడానికి. ఎక్కువ కరెంటు లాగితే ముందు అది తెగి, గోడల్లో ఉన్న వైర్లను కాపాడాలి. ఈ సంగతి వైరింగ్ మనిషికి చెబితే, "అమ్మగారూ, మీరు కంగారు పడమాకండి. ఈసారి తెగకుండా కడతాను చూడండి" అని, ఒక పాత వైరు ఒలిచి, అందులోంచి నాలుగు రాగి పోగులు తీసి, కలిపి పేని బిగించాడు. నిజంగానే ఇక తెగలేదు. మామయ్యగారు అతన్ని మెచ్చుకుని గంపెడు రసాలిచ్చి పంపారు. నేను ఆ పూట అన్నం తినలేదు. ఎందుకు తినలేదో మా ఆయనకు వివరంగా చెప్పాను. నువ్వు చెప్పేదీ కరెక్టే అన్నారు.

తెగాల్సింది తెగకపోతే ఏమవుతుందో మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం చూశాం. చుట్టూ తోటల్లో బోరు మోటార్లన్నీ నడుస్తున్నాయి. వోల్టేజీ పడిపోయి, మిగిలిన ఒకటి రెండు బల్బుల్లో తీగ ఎర్రగా కనబడుతోందేగాని వెలుగు లేదు. అప్పటికి కూలర్ కూడా వచ్చి, మా పడగ్గది బల్బును మింగి, అదే ప్లగ్గుకు తగులుకుని ఉంది. ఫ్రిజ్, కూలర్, బావి మోటారు మూడూ ఒక్కసారి తిరుగుతున్నాయి. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. నేను వరండాలోకి పరిగెత్తేసరికి మెయిన్ బోర్డు చెక్క ఫ్యూజు చుట్టూ నల్లగా మాడి పొగ వస్తోంది. మెయిన్ ఆపేశాను. భయంతో కొంత, కోపంతో ఎక్కువ.

మామయ్యగారు బోర్డును పైనుంచి కిందకి పరీక్షించారు. తర్వాత ఇంట్లోకి వెళ్ళి అన్ని గదులూ తిరిగి వచ్చారు.

"స్నానాల గదిలో బల్బు ఎవరో వేసి వదిలేశారు. అదీ సంగతి" అన్నారు.

అంత పొగ చూశాక కూడా ఆయన నేరం మోపింది స్నానాల గదిలో ఉన్న ఆ చిన్న గుడ్డిబల్బు మీద. అక్కడే ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. పెరట్లోకి వెళ్ళాను. రుబ్బురోలు దగ్గర అత్తయ్య కూర్చుని ఉంది. ఆవిడ కుడి మోచేతిని ఒంటికి అదిమి పెట్టుకుని, నడుమంతా ముందుకీ వెనక్కీ ఊపుతూ పొత్రం తిప్పుతోంది. భుజం తిరగడం మానేసి చాన్నాళ్ళయింది, ఆవిడ ఒంటి బరువుతో రుబ్బుతోంది. ఉప్పూ పప్పుల డబ్బాలు పై అలమరలోంచి కిందికి ఎప్పుడో దించేసుకుంది. పొద్దున జుట్టు ముడి నేనే వేస్తున్నాను. ఇవేవీ మామయ్యగారి కంటపడేవి కావు. ఆయనకు కనబడేదల్లా కంచంలోకి వచ్చిన ఇడ్లీలు.

ఆ రోజు మా ఆయన్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను. లోడు పెంచమని దరఖాస్తు పెడతారా, మీ అమ్మను తీసుకుని నేను మా పుట్టింటికి ఉంగుటూరు వెళ్ళిపోనా అని. మా ఆయన భయపడ్డారు. నా కోసం కాకపోయినా వాళ్ళమ్మ వెళితే ఇంట్లో టిఫిన్ ఉండదని భయపడ్డారనుకుంటాను. మర్నాడే దరఖాస్తు పెట్టారు. మామయ్యగారు కూడా అడ్డు చెప్పలేదు. లోడు పెంచితే పాయింట్లు పెరుగుతాయి కదా అని ఆయన ఆశ.

కొన్నాళ్ళకు కరెంటాఫీసు నుంచి ఒకాయన లోడు చూసుకోవడానికి వచ్చారు. నేను స్కూలుకు సెలవు పెట్టి మరీ కనిపెట్టుకుని ఉన్నాను. ఈయన చదువుకున్న మనిషి, వాట్లూ అవీ తెలిసిన మనిషి, నా గోడు ఈయనకైనా అర్థమవుతుందని నా నమ్మకం. ఆయన కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగి, కాగితం తీసి, "మాస్టారూ, లైటు పాయింట్లు ఎన్నండీ?" అన్నారు.

మామయ్యగారు నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను.

మామయ్యగారు జన్మలో అబద్ధమాడలేదు. ఊడదీసిన బల్బులన్నీ వదిలేసి, ఉన్నవే చెప్పారు. ఆఫీసాయన గదులన్నీ తిరిగి ఖాళీ హోల్డర్లు స్వయంగా చూసి రాసుకున్నారు. ఫ్యాన్లు లెక్కపెట్టారు. ప్లగ్గులు హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి. కూడిక వేసి, మొదట ఇల్లు కట్టినప్పటి కాగితంతో పోల్చి చూసి నవ్వారు.

"మీ లోడు తగ్గిందండీ. పెంచమంటారేంటి?"

"తగ్గడమేంటండీ? ఆ ఒక్క ప్లగ్గుకే ఫ్రిజ్జూ కూలరూ బావి మోటారూ ఉన్నాయి. వచ్చి చూడండి" అన్నాను.

"ప్లగ్గు ఒకటేగా అమ్మా. దీంట్లో ప్లగ్గులు ఎన్ని అనే ఉంది. వాటికి ఏం తగిలించారో రాసే చోటు లేదు" అన్నారాయన చాలా మర్యాదగా. "అయినా సీజన్‌లో మీ లైను మీద ఇప్పటికే తోటల బరువుంది. తగ్గిన ఇంటికి పెంచామంటే పైవాళ్ళు ఊరుకోరండీ."

అంటే మా ఇల్లు మిషన్లు పెంచుకున్నకొద్దీ బల్బులు ఊడదీసింది. బల్బులు ఊడదీసినకొద్దీ కాగితం మీద లోడు తగ్గింది. లోడు తగ్గింది కాబట్టి పెంచాల్సిన పని లేదు. ఆఫీసాయన వెళ్ళాక మామయ్యగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి, "చూశావా అమ్మాయ్, నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా, మనం లోడు మించలేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. దుఃఖంతో వచ్చిన ఏడుపు కాదు. ఇంత తేలిక లెక్కను నా చుట్టూ ఉన్న మనుషులందరూ కలిసి ఇంత పట్టుదలగా తప్పు చేస్తుంటే వచ్చే ఉక్రోషం.

ఇక ఎవరినీ అడగదలుచుకోలేదు. వేసవి సెలవులివ్వగానే మా ఆయన్ని వెంటబెట్టుకుని విజయవాడ వెళ్ళి గ్రైండర్ కొన్నాను. రాతి గ్రైండర్. ఇద్దరు మనుషులు పట్టి బస్సు టాపు మీదకు ఎక్కించారు. నూజివీడులో దించి రిక్షాలో ఇంటికి తెచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అత్తయ్య వంటింట్లో ఒక మూల కడిగి, చోటు చేసి ఉంచింది. ఆవిడ దాని రాతి మీద ఎడం చెయ్యి వేసి నిమిరి, "చల్లగా ఉందమ్మాయ్" అంది. మర్నాటి నుంచి తోట కోత. టిఫిన్లకు మినప్పప్పు అప్పటికే నానబోసి ఉంది.

మామయ్యగారు కూడా వంటింట్లోకి వచ్చి గ్రైండర్ చుట్టూ తిరిగి చూసి, బాగుందన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత వెళ్ళి స్టూలు తెచ్చారు.

"ఇంక తీయగలిగింది ఈ వంటింటి బల్బే" అన్నారు.

"మామయ్యగారూ, మీరా బల్బు మీద చెయ్యి వేశారంటే నేనీ గ్రైండర్ని తీసుకెళ్ళి బావిలో పడేస్తాను" అన్నాను. ఆయనతో అంత మాట ఎప్పుడూ అనలేదు. మా ఆయన గుమ్మంలో బిక్కచచ్చి నిలబడ్డారు. మామయ్యగారి మొహం ఎర్రబడింది. స్టూలు పట్టుకుని అలాగే నిలబడ్డారు, వెనక్కీ వెళ్ళరు, ముందుకీ రారు.

గొడవంటే అత్తయ్యకు పడదు. "ఎందుకండీ ఇదంతా. తీసేద్దాం. నాకు పొయ్యి వెలుతురు చాలు" అంటూ ఆవిడే వచ్చి స్టూలెక్కింది. మామయ్యగారు స్టూలు కదలకుండా కాళ్ళ దగ్గర పట్టుకున్నారు.

అత్తయ్య బల్బు అందుకుందామని అలవాటుగా కుడి చెయ్యి ఎత్తింది. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఎడం చేత్తో మోచెయ్యి కింద పట్టుకుని పైకి నెట్టింది. నెడుతుంటే మొహం కండరాలు బిగుసుకున్నాయి. చెయ్యి మాత్రం కదల్లేదు. బల్బు ఆవిడ తలకు జానెడు పైన ఉంది.

"అదేంటి, చెయ్యి ఎత్తవే?" అన్నారు మామయ్యగారు కింద నుంచి.

"లేవదండీ."

"లేవకపోవడమేంటి? ఎప్పట్నుంచి?"

"మోటారు పెట్టిన ఏడాది నుంచీ అంతే" అంది అత్తయ్య. ఆవిడ గొంతులో నిష్ఠూరమేమీ లేదు, అడిగినదానికి చెప్పినట్టే చెప్పింది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు మళ్ళీ ఏ బల్బు తీయాలా అని ఇల్లంతా చూస్తారు. తీయడానికి ఇంట్లో ఇంకేం మిగిలాయండీ?"

మామయ్యగారు ఆవిడ రెక్క పట్టుకుని మెల్లగా స్టూలు దింపారు. హాల్లోకి వెళ్ళి, తను కూర్చునే చోట ఉన్న కూలర్ ప్లగ్గు పీకారు, ఫ్రిజ్ ప్లగ్గు పీకారు, మోటారు తీగ కూడా పీకారు. తర్వాత, వంటింటి ప్లగ్గుది సన్న వైరు కాబట్టి, మా ఆయన్ని పిలిచి ఇద్దరూ కలిసి గ్రైండర్ని హాల్లోకి మోసుకొచ్చి ఆయన పడక్కుర్చీ పక్కనే పెట్టారు. ఆ మధ్యాహ్నం మినప్పిండి హాల్లోనే రుబ్బాం. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి.

ఆ వారంలోనే వైరింగ్ మనిషి గోడ తొలిచి వంటింటికి విడిగా లావు వైరు వేశాడు. రాగి పోగులన్నీ తీసేసి మామూలు ఫ్యూజు తీగ కట్టాడు. మామయ్యగారు పక్కనే నిలబడి చేయించారు. ఆయన కరెంటాఫీసుకు కూడా వెళ్ళి, పాయింట్ల మాట ఎత్తనివ్వకుండా, ఏ మిషను ఎంత లాగుతుందో చెప్పి వచ్చారని మా ఆయన ద్వారా విన్నాను. నాతో మాత్రం ఆ విషయం మాట్లాడలేదు. నా లెక్క ఒప్పనీ అనలేదు, తప్పనీ అనలేదు.

కోతలు అయ్యాక అత్తయ్యను విజయవాడలో ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. మామయ్యగారూ వచ్చారు. డాక్టరు మందులిచ్చి, రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో గోడ మీద పైకి పాకమన్నారు. అత్తయ్య నెలల తరబడి, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, శ్రద్ధగా పాకింది. చెయ్యి చెవి దాకా వచ్చింది. ఆ పైన రాలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు చూసి, "ఇంతేనమ్మా. మొదట్లోనే రుబ్బడం మానేసి ఉంటే పూర్తిగా లేచేది" అన్నారు.

మామయ్యగారు అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నారు. తల దించుకుని, చేతిలో కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. పెద్ద మనిషి, మంచి మనిషి. అలా చూసినప్పుడు నాకు ఆయన మీద జాలి కలగాల్సింది. కలగలేదు.